కాగితము లేని వర్తకము

వర్తకములో ఎప్పుడును రెండు ప్రయాణములు జరుగుచుండును. సరకు చేసే ప్రయాణము ఒకటి. ఆ సరకును గూర్చిన వ్రాతకోతలు చేసే ప్రయాణము రెండవది. మొదటిది అందరి కంటికీ కనబడును. ఓడలు, రైళ్ళు, లారీలు, బస్తాలు మోసే కూలీలు, ఇవన్నియు మనము ఎరిగినవే. రెండవది కొట్టు వెనుకగదిలోనో, కార్యాలయపు బల్లపైనో గుమాస్తా కలము క్రింద నిశ్శబ్దముగా సాగిపోవును. ధర అడుగుచు ఒక ఉత్తరము, ధర తెలుపుచు మరొక ఉత్తరము, సరకు పంపుమని ఒక ఆర్డరు, పంపితిమని ఒక చీటీ, రవాణా సంస్థవారి రసీదు, బీమా పత్రము, సుంకపు కచేరీకి ఒక ప్రకటన, చివరకు బిల్లు, ఆ బిల్లునకు చెల్లింపు, ఆ చెల్లింపునకు మరల రసీదు. ఒక్క బేరమునకు ఇన్ని కాగితములు. వీటిలో వ్రాసే విషయము మాత్రము ఇంచుమించు ఒక్కటే: ఎవరు, ఎవరికి, ఏ సరకు, ఎంత, ఏ ధరకు, ఎప్పటికి.

ఈ ఆరు సంగతులనే పదిమంది గుమాస్తాలు పది చోట్ల మరల మరల ఎత్తివ్రాయుట వర్తకమునకు చిరకాలపు అలవాటు. ఎత్తివ్రాసిన ప్రతి చోటను ఒక తప్పు దొర్లుటకు అవకాశము కలదు. తప్పు దొర్లినచోట సరకు ఆగును. సరకు ఆగినచోట సొమ్ము ఆగును. ఈ బాధను తొలగించుటకై ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధములో రూపొందిన ఏర్పాటునకే ఎలెక్ట్రానిక్ డేటా ఇంటర్‌ఛేంజ్ అని పేరు. వాడుకలో దానిని ఇ.డి.ఐ. అందురు.

ఇ.డి.ఐ. అనగా ఏమి? ఒక సంస్థ కంప్యూటరు నుండి మరొక సంస్థ కంప్యూటరునకు, నడుమ ఎవరును తిరిగి టైపు చేయనక్కర లేకుండ, ఇరుపక్షములవారును ముందుగా ఒప్పుకొన్న రూపములో వర్తక పత్రములు చేరుట. బిల్లును ఫొటో తీసి ఎలెక్ట్రానిక్ ఉత్తరములో పంపినచో అది ఇ.డి.ఐ. అనిపించుకొనదు. అందుకొన్నవాడు దానిని చదివి, అందులోని అంకెలను తన లెక్కలలోనికి మరల ఎక్కించుకొనవలసియే ఉండును. యంత్రమునకు యంత్రము భాష తెలిసి ఉండవలెను. అందుకు ముందు మనుష్యుల నడుమ ఒప్పందము కుదిరి ఉండవలెను. ఈ ప్రసంగములో మనము చూడబోవునది ముఖ్యముగా ఆ ఒప్పందము చరిత్ర. అది ఎట్లు కుదిరినది, ఎవరు కుదిర్చినారు, దాని బరువు ఎవరి భుజములపై పడినది అనునవి తెలిసినగాని ఈ సాధనము విలువ మనకు బోధపడదు.

యంత్రముల యుగము రాకముందే వర్తకులకు ఇటువంటి ఒప్పందము రుచి తెలిసినది. పందొమ్మిదవ శతాబ్దములో తంతి వచ్చినది. 1870లో సముద్రగర్భపు తీగ మూలమున బ్రిటనుకును బొంబాయికిని నేరుగా సంబంధము ఏర్పడినది. తంతికి మాటకింత అని రుసుము. దూరదేశపు తంతికి ఆ రుసుము మిక్కిలి హెచ్చు. అందువలన వర్తకులు సంకేత నిఘంటువులను తయారు చేసికొన్నారు. ఇరువురి వద్దను ఒకే పుస్తకము ఉండును. అందులోని ఒక్క మాటను తంతిలో పంపినచో, అవతలివాడు తన పుస్తకములో వెదకి ఒక పూర్తి వాక్యమును చదువుకొనును. ఇంత సరకు, ఇంత ధరకు, ఈ నెలలో ఎగుమతి చేయుడు అను సమాచారమంతయు రెండు మూడు మాటలలో ఇమిడిపోవును. తంతితీగ ఎంత చురుకైనదైనను, రెండు చోట్లను ఒకే పుస్తకము లేనిచో ఆ మాటలకు అర్థము లేదు. నేటి ఇ.డి.ఐ.కి ఈ పుస్తకమును ముత్తాత అనవచ్చును.

అసలైన ఇ.డి.ఐ. కథ అంగడిలో మొదలు కాలేదు. ఆకలిగొన్న ఒక నగరములో మొదలైనది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము జర్మనీని నాలుగు రాజ్యములు పంచుకొని పాలించుచున్నవి. రాజధాని బెర్లిను సోవియట్ మండలము నడుమ ఉన్నది. అయినను ఆ నగరమును కూడ నాలుగు భాగములు చేసినారు. 1948 జూన్ 24న సోవియట్ ప్రభుత్వము పశ్చిమ బెర్లినునకు పోవు రైలు, రోడ్డు, కాలువ మార్గములను మూసివేసినది. ఇరువది లక్షలకు పైబడిన జనము ఆ దిగ్బంధములో చిక్కినారు. మిగిలినది ఆకాశమార్గము ఒక్కటే. జూన్ 26న విమానములు సరకుతో బయలుదేరినవి.

పిండి, పాలపొడి, బంగాళాదుంపలు, మందులు, అన్నిటికంటె మిన్నగా బొగ్గు, ఇవి అన్నియు ఆకాశమున వచ్చినవి. మోసిన బరువులో సుమారు మూడింట రెండు వంతులు బొగ్గే. 1949 మే 12న దిగ్బంధము తొలగినది. విమానముల రాకపోకలు సెప్టెంబరు 30 వరకు సాగినవి. మొత్తము మీద సుమారు 2,78,000 ప్రయాణములలో 23 లక్షల టన్నుల సరకు చేరినది. 1949 ఏప్రిల్ నడుమ, ఈస్టరు పండుగ సమయమున, ఒక్క దినములో 1,398 విమానములు 12,941 టన్నులను దింపినవి. అనగా ఇంచుమించు నిమిషమునకొక విమానము.

ఇంత వడిగా విమానములు దిగుచున్నప్పుడు వాటి వెంట రావలసిన సరకుల జాబితాలు ఏమి కావలెను? జాబితాలు ఒక్కొక్క దేశమువారివి ఒక్కొక్క తీరుగా ఉండెను. భాష వేరు, గడుల వరుస వేరు, ప్రతుల సంఖ్య వేరు. ఏ విమానములో ఏమి వచ్చినదో తెలిసినగాని దించుటకు మనుష్యులను, మోయుటకు లారీలను సిద్ధము చేయుట సాధ్యము కాదు. కాగితము విమానముకంటె వెనుకబడినది. ఎడ్వర్డ్ గిల్బర్ట్ అను అమెరికా సైన్యపు మాస్టర్ సార్జెంటు తన తోటివారితో కూడి ఒక ఉపాయము కనిపెట్టినాడు. ఎవరు పంపినను జాబితా ఒకే రూపములో ఉండవలెను. టెలెక్సులోగాని, రేడియో టెలిప్రింటరులోగాని, టెలిఫోనులోగాని పంపుటకు అనువుగా ఉండవలెను. అప్పుడు విమానముకంటె ముందే దాని సమాచారము చేరును. వేలకొలది టన్నుల సరకును ప్రతిదినము ఈ పద్ధతిని కనిపెట్టి చూచినారు. ఇందులో కంప్యూటరు లేదు. ఉన్నదెల్లా పాత టెలిప్రింటరు, కొత్త ఒప్పందము. ఈ సంగతిని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

గిల్బర్ట్ సైన్యమును విడిచిన తరువాత డ్యూపాంట్ అను రసాయన పరిశ్రమలో చేరినాడు. బెర్లినులో నేర్చిన పాఠమును అక్కడ వర్తకమునకు అన్వయించినాడు. 1960 దశకపు మొదటి సంవత్సరములలో డ్యూపాంట్ సంస్థకును, దాని రసాయనములను మోయు కెమికల్ లీమన్ ట్యాంక్ లైన్స్ అను రవాణా సంస్థకును నడుమ సరకుల సమాచారము నిర్ణీత రూపములో పోవుట ప్రారంభమైనది. 1965లో హాలండ్-అమెరికా ఓడల సంస్థ అట్లాంటిక్ మహాసముద్రము దాటు ఓడల జాబితాలను టెలెక్సులో పంపినది. ఆ సందేశములను చిల్లులు పొడిచిన కాగితపు టేపుపై ఎక్కించి, ఆ టేపును కంప్యూటరునకు అందించినారు. టైపు చేయు గుమాస్తా ప్రమేయము అక్కడ తగ్గినది.

అయితే ఇరువురు కుదుర్చుకొన్న ఒప్పందము ఆ ఇరువురికే ఉపయోగము. రవాణా సంస్థకు నూరుమంది ఖాతాదారులు ఉండి, నూరుగురును నూరు రూపములలో పత్రములు పంపినచో ఆ సంస్థకు లాభమేమి? ఈ చిక్కును విప్పుటకై 1968లో అమెరికాలో రైల్వేలు, ఓడలు, లారీలు, విమానములు నడుపు సంస్థలు కలిసి రవాణా సమాచార సమన్వయ సంఘమును స్థాపించినవి. దానికి నాయకత్వము వహించినవాడు ఆ గిల్బర్టే. ఆ సంఘము 1975లో తన మొదటి ప్రమాణములను ప్రకటించినది.

ఆ కాలపు కాగితముల బరువు ఎంతటిదో తెలిపే ఒక లెక్క కలదు. 1971లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశీలన ప్రకారము, విదేశ వర్తకములో ఒక్క సరకు పంపకమునకు సగటున 46 విధముల పత్రములు, వాటికి 360 ప్రతులు అవసరమగుచుండెను. ఐరోపాలోను ఇదే బాధ. ఐక్యరాజ్యసమితికి చెందిన ఐరోపా ఆర్థిక సంఘమువారు 1963లోనే వర్తక పత్రములన్నిటికిని ఒకే అమరిక ఉండవలెనని ఒక నమూనాను సిద్ధము చేసినారు. పంపినవాని పేరు ఏ పత్రములోనైనను ఒకే మూల ఉండవలెను, సరకు వివరము ఒకే చోట ఉండవలెను అనునది అందులోని సూత్రము. కాగితమును వదలించుకొనుటకు ముందు కాగితమును సరిదిద్దుట నేర్చినారు. ఆ సరిదిద్దిన గడులే తరువాత కంప్యూటరు సందేశములలో భాగములైనవి.

1979లో అమెరికా జాతీయ ప్రమాణ సంస్థ అన్ని పరిశ్రమలకును ఉమ్మడిగా ప్రమాణములను రచించుటకు ఎక్స్-12 అను సంఘమును నియమించినది. దాని పద్ధతి సులభముగా తెలిసికొనవచ్చును. ప్రతి జాతి పత్రమునకు ఒక సంఖ్య. కొనుగోలు ఆర్డరునకు 850. ఆ ఆర్డరు మాకు సమ్మతమే అను జవాబునకు 855. సరకు బయలుదేరినదని ముందుగా తెలుపు పత్రమునకు 856. బిల్లునకు 810. చెల్లింపునకు 820. సందేశము పైన ఉత్తరపు కవరువంటి భాగము ఒకటి ఉండును. పంపినవారు, అందుకొనువారు, తేదీ, క్రమసంఖ్య అందులో ఉండును. లోపల ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క విషయము. మాటకును మాటకును, వరుసకును వరుసకును నడుమ విభజన చిహ్నములు. అలంకారములు లేవు, నమస్కారములు లేవు. మనుష్యుడు చదువుటకు అది ఏమాత్రము ఇంపుగా ఉండదు. యంత్రమునకు మాత్రము అందులో సందేహమునకు తావు లేదు.

ఐరోపావారు వేరుదారిని వచ్చినారు. 1982లో బ్రిటనులో చిల్లర వర్తకుల కొరకు ట్రేడాకామ్స్ అను ప్రమాణము వెలువడినది. దేశమునకొక భాష, పరిశ్రమకొక భాష పెరుగుట చూచి ఐక్యరాజ్యసమితివారు అమెరికా, ఐరోపా పద్ధతులను సమన్వయము చేయబూనినారు. 1987లో ఎడిఫాక్ట్ అను అంతర్జాతీయ ప్రమాణము ఆ ప్రయత్నముయొక్క ఫలము. అయినను అమెరికా వర్తకులు అప్పటికే ఎక్స్-12కు అలవాటుపడి ఉన్నారు. ఈనాటికిని అక్కడ ఎక్స్-12, ఇతరత్ర ఎక్కువగా ఎడిఫాక్ట్ వాడుకలో ఉన్నవి. రెంటికిని నడుమ దుబాసీ పని చేయు కంప్యూటరు కార్యక్రమములు పుట్టినవి. అందరును కలిసి ఒకే భాష మాట్లాడుట యంత్రముల విషయములో సైతము అంత తేలిక కాదని దీనివలన తెలియుచున్నది.

సందేశములు చేరవేయుటకు ఒక తపాలా కచేరీ వంటిది అవసరమైనది. ఒకరి కంప్యూటరు పనిచేయునప్పుడు మరొకరిది పనిచేయకపోవచ్చును. ఒకచోట పగలు, మరొకచోట రాత్రి కావచ్చును. అందుచేత విలువ చేర్చిన నెట్‌వర్కులు అని పిలువబడు సంస్థలు వెలసినవి. ప్రతి ఖాతాదారునకు వీటిలో ఒక పెట్టె ఉండును. పంపినవాడు ఎదుటివాని పెట్టెలో సందేశము వేసి పోవును; ఎదుటివాడు తన వీలునుబట్టి తీసికొనును. ఈ సేవకు నెలకింత, అక్షరములనుబట్టి ఇంత అని రుసుము వసూలు చేసెడివారు. ఆ రుసుము పెద్ద సంస్థలకు లెక్కలోనిది కాదు. చిన్నవారికి మాత్రము అది ప్రతినెల గుండెలమీది బరువే.

ఇక అంగడి సంగతి. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో ట్రాయ్ అను ఊరిలో, మార్ష్ అను అంగడిలో, చూయింగ్ గమ్ పొట్లము నొకదానిని 67 సెంట్లకు అమ్మినారు. అమ్మినది స్వల్పమే. కాని ఆ పొట్లముపై నల్లగీతల గుర్తు ఉన్నది. దానిని యంత్రము చదివినది. ఆనాటి నుండి అమ్మిన ప్రతి వస్తువునకు ఒక సంఖ్య, ఆ సంఖ్యకు కంప్యూటరులో ఒక లెక్క ఏర్పడినవి. ఈ గీతల గుర్తును ఇ.డి.ఐ.తో జతపరచినప్పుడు సరఫరా గొలుసు అంతయు ఒక త్రాటిపై నడుచుట సాధ్యమైనది. అంగడిలో సరకు తగ్గగానే కంప్యూటరు 850 పంపును. తయారీదారు సరకును పెట్టెలలో సర్ది, పెట్టెపై గీతల గుర్తు అంటించి, లారీ కదలగానే 856 పంపును. గిడ్డంగిలో పెట్టెను విప్పకుండగనే గుర్తును చదివి, ముందుగా వచ్చిన పత్రముతో సరిచూచుకొందురు. బెర్లినులో విమానముకంటె ముందు జాబితా వచ్చినట్లే, ఇక్కడ లారీకంటె ముందు 856 వచ్చుచున్నది.

దీనివలన తప్పిన నష్టము కాగితపు ఖర్చు ఒక్కటే కాదు. సమాచారము ఆలస్యమగుట వలన వర్తకములో ఒక వింత జరుగుచుండును. వినియోగదారుల కొనుగోలు కొద్దిగా పెరిగినచో, చిల్లర వర్తకుడు ముందు జాగ్రత్తగా కొంత హెచ్చుగా తెప్పించును. టోకు వర్తకుడు అంతకంటె హెచ్చుగా, తయారీదారు మరింత హెచ్చుగా తెప్పించును. కొరడా పిడిని కొద్దిగా కదలించినచో కొస బలముగా ఊగినట్లు, ఆ చిన్న మార్పు కర్మాగారమును చేరుసరికి పెనుమార్పు అగును. 1997లో హావ్ లీ, పద్మనాభన్, వాంగ్ అను పండితులు ఈ ఊపుయొక్క కారణములను విశదీకరించినారు. అంగడిలో ఎంత అమ్ముడైనదో ఆ లెక్కయే కర్మాగారమునకు నేరుగా తెలిసినచో ఈ ఊపు చాలవరకు తగ్గును. ఇ.డి.ఐ. అందుకు దారి కల్పించినది. గిడ్డంగులలో మురిగిపోవు సరకు తగ్గుట, అంగడిలో కావలసిన వస్తువు దొరకుట దీని ఫలితములు.

ఇంతవరకు చెప్పినది వెలుగు ప్రక్క. దీనికి నీడ ప్రక్క కూడ కలదు. 1980 దశకములో మోటారు వాహనముల పరిశ్రమలును, పెద్ద అంగళ్ళును తమకు సరకు అందించువారిని ఇ.డి.ఐ.కి మారుడని కోరినవి. కోరుట అను మాట మర్యాదకు. వాస్తవమున అది షరతు. మారనివానికి ఆర్డరు రాదు. పెద్ద సంస్థకు దీనివలన గుమాస్తాల జీతములు మిగిలినవి. చిన్న సరఫరాదారునకు మాత్రము కంప్యూటరు, దానికి కార్యక్రమము, నెట్‌వర్కు రుసుము, నడుపుటకు ఒక మనిషి, ఈ ఖర్చులు పైన పడినవి. పైగా ఒక్కొక్క పెద్ద సంస్థ ఒకే ప్రమాణమును తన ఇష్టము చొప్పున కొంచెము మార్చి వాడుకొనుచుండెను. నలుగురు పెద్దలకు సరకు ఇచ్చు చిన్నవాడు నాలుగు తీరులను నేర్వవలసి వచ్చినది.

ఇందులో ఒక హాస్యము, ఒక విషాదము కలసి ఉన్నవి. అనేకమంది చిన్న తయారీదారులు ఇ.డి.ఐ. ద్వారా వచ్చిన ఆర్డరును ముద్రించుకొని, ఆ కాగితమును చూచి తమ లెక్కలలోనికి మరల టైపు చేసెడివారు. బయటివారికి అది కాగితము లేని వర్తకము. లోపల గుమాస్తా, కలము, ఎత్తివ్రాత యథాప్రకారము. పైగా ముందు తెలుపు పత్రము ఆలస్యమైనను, అందులో ఒక అంకె తప్పినను, రావలసిన సొమ్ములో నుండి పెద్ద అంగళ్ళవారు అపరాధ రుసుము మినహాయించు ఆచారము ఏర్పడినది. ఉమ్మడి భాష అను పేరుతో బలవంతుని భాషను బలహీనుడు నేర్చుకొనుటయే చాలచోట్ల జరిగినది. ఈ సాధనమును పొగడువారు ఈ సంగతిని దాటవేయుట న్యాయము కాదు.

ఇంటర్నెట్టు వచ్చిన పిదప కొంత మార్పు కలిగినది. 2002లో అమెరికాలోని వాల్‌మార్ట్ అంగళ్ళ సంస్థ తన సరఫరాదారులను ఎ.ఎస్.-2 అను పద్ధతిలో ఇంటర్నెట్టు మూలమున సందేశములు పంపుడని కోరినది. సందేశమునకు గుప్తలిపి రక్షణ, అందినదనుటకు తిరస్కరింపరాని రసీదు ఇందులో ఉన్నవి. నడుమనున్న నెట్‌వర్కు రుసుము ఇందువలన తప్పినది. 1999లో మొదలైన ఇ.బి.ఎక్స్.ఎమ్.ఎల్. వంటి కొత్త లిపులు పాత ప్రమాణములను త్రోసిరాజనునని కొందరు తలచినారు. అట్లు జరుగలేదు. వేలకొలది సంస్థలు కలిసి ఒప్పుకొన్న రూపమును, అంతకంటె అందమైన రూపము దొరికినదన్న మాత్రమున ఎవరును విడిచిపెట్టరు.

కాగితము పోయినచోట చేవ్రాలు కూడ పోయినది. నోటిమాటలు నీటిమూటలని వర్తకులకు తెలియును. అందుకే వారు చేవ్రాలును నమ్మినారు. చేవ్రాలు లేని సందేశమును న్యాయస్థానము సాక్ష్యముగా అంగీకరించునా? ఆర్డరు మేము పంపలేదని ఒకడు మొండికెత్తినచో గతి ఏమి? మొదట్లో వర్తకులు ఇ.డి.ఐ.కి ముందు కాగితముపై ఒక ఒడంబడిక వ్రాసికొని, మేము పంపు సందేశములకు కట్టుబడియుందుమని చేవ్రాళ్ళు చేసెడివారు. 1996లో ఐక్యరాజ్యసమితివారి అంతర్జాతీయ వర్తక న్యాయ సంఘము ఎలెక్ట్రానిక్ వాణిజ్యమునకు ఒక ఆదర్శ చట్టమును సిద్ధము చేసినది. దాని ననుసరించి మన పార్లమెంటు చేసిన సమాచార సాంకేతిక చట్టము 2000 అక్టోబరు 17న అమలులోనికి వచ్చినది. ఆ చట్టపు ప్రారంభ వాక్యములోనే ఎలెక్ట్రానిక్ డేటా ఇంటర్‌ఛేంజ్ అను పేరు పేర్కొనబడి ఉండుట గమనింపదగినది.

ప్రభుత్వమే ముందునకు వచ్చినప్పుడు ఏమి జరుగునో చూపినది సింగపూరు. వర్తకము తప్ప మరొక ఆధారము అంతగా లేని ఆ చిన్న ద్వీపములో 1989 జనవరి 1న ట్రేడ్‌నెట్ అను ఏర్పాటు ప్రారంభమైనది. అంతకుముందు వర్తకుడు పత్రములు పట్టుకొని కచేరీ కచేరీకి తిరుగవలసి ఉండెను. అటుపిమ్మట ఒక్క సందేశము పంపిన చాలును. సంబంధించిన శాఖలన్నిటికిని అదియే పోవును. దినములు పట్టే అనుమతి నిమిషములలోనికి వచ్చినది.

మన దేశములో ఇ.డి.ఐ. సుంకపు కచేరీ ద్వారమున ప్రవేశించినది. 1995లో ఢిల్లీలో భారత కస్టమ్స్ ఇ.డి.ఐ. పద్ధతిని ప్రయోగాత్మకముగా ఆరంభించి, క్రమముగా ఓడరేవులకును, విమానాశ్రయములకును విస్తరింపజేసినారు. మన తీరములోని విశాఖపట్టణము కూడ వాటిలో ఒకటి. దిగుమతికి బిల్ ఆఫ్ ఎంట్రీ, ఎగుమతికి షిప్పింగ్ బిల్లు కంప్యూటరు మూలమున దాఖలగుట మొదలైనది. కంప్యూటరు లేని చిన్న వర్తకుల కొరకు కచేరీలోనే సేవాకేంద్రములు తెరచి, రుసుము తీసికొని వారి పత్రములను నమోదు చేయు ఏర్పాటు చేసినారు. 2011లో కస్టమ్స్ చట్టమును సవరించి ఎలెక్ట్రానిక్ దాఖలును తప్పనిసరి చేసినారు. కాగితము వెంటనే మాయమైనదని చెప్పజాలము. కంప్యూటరులో దాఖలు చేసిన పత్రమునే ముద్రించి, చేవ్రాలు చేసి, కట్టలు కట్టి సమర్పించు అలవాటు చాలకాలము నిలిచినది.

వస్తుసేవల పన్ను 2017 జూలై 1న వచ్చిన తరువాత మరొక మెట్టు ఎక్కితిమి. 2020 అక్టోబరు 1 నుండి, ఏడాదికి 500 కోట్ల రూపాయలకు మించి వ్యాపారము చేయు సంస్థలు తోటి వర్తకులకు వ్రాయు బిల్లులను నిర్ణీత రూపములో ప్రభుత్వ నమోదు కేంద్రమునకు పంపవలెనని నియమము ఏర్పడినది. అక్కడ ప్రతి బిల్లునకు 64 అక్షరముల గుర్తింపు సంఖ్యయు, చదరపు చుక్కల గుర్తును లభించును. ఆ పరిమితిని 2021లో 100 కోట్లకును, పిదప 50 కోట్లకును, 2022లో 20 కోట్లకును, పిమ్మట 10 కోట్లకును, 2023 ఆగస్టు 1 నుండి 5 కోట్లకును తగ్గించినారు. హైదరాబాదులో మందుల తయారీదారైనను, విజయవాడలో టోకు వర్తకుడైనను ఆ పరిమితికి మించినచో బిల్లు రూపము ఒక్కటే. ఎక్స్-12, ఎడిఫాక్ట్‌ల సంతతిలోనిది కాకపోయినను, దీని వెనుకనున్న భావము అదియే.

ఇక్కడ ఒక భేదము కనబడుచున్నది. అమెరికాలో పెద్ద అంగడివాడు రూపమును నిర్ణయించి చిన్నవానిపై మోపినాడు. ఇక్కడ ప్రభుత్వము నిర్ణయించినది. పెద్దవారితో మొదలుపెట్టి మూడేండ్లలో మెట్లుమెట్లుగా క్రిందికి దిగినది. ఖాతాదారునికొక తీరు నేర్వవలసిన అవస్థ తప్పినది. అయితే ప్రభుత్వము కోరినది తన పన్ను లెక్క కొరకే. ఆర్డరు, సరకు పంపకము, చెల్లింపు ఈ రూపములోనికి రాలేదు. బిల్లు ఒక్కటి యంత్రభాషలో పలుకుచుండగా, తక్కినవి చాలచోట్ల టెలిఫోనులోను, చీటీలపైనను నడచుచున్నవి. గొలుసులో ఒక్క లంకె మెరుగుపడినంత మాత్రమున గొలుసంతయు మెరుగుపడదు.

మరొక హెచ్చరిక కూడ అవసరము. ఎక్స్-12లో 997 అను ఒక జవాబు కలదు. సందేశము అందినది, దాని రూపము సరిగా ఉన్నది అని మాత్రమే అది చెప్పును. అందులోని ధర సరియైనదా, సంఖ్య సరియైనదా, ఆ బేరమునకు ఎదుటివాడు సమ్మతించినాడా అనునది దానికి పట్టదు. నూరు బస్తాలకు మారుగా వేయి బస్తాలని తప్పుగా పోయినను, రూపము సరిగా ఉన్నచో 997 సంతోషముగా తిరిగి వచ్చును. పాతకాలపు గుమాస్తా అయినచో కలము ఆపి, ఇదేమి వింత అని యజమానిని అడిగియుండును. చిట్టా ఆవర్జాలు యంత్రములోనికి పోయినను, ఆ అడుగు మనిషి అవసరము తీరిపోలేదు.

బెర్లినునకు బొగ్గు మోసిన దినములనుండి నేటివరకు ఈ చరిత్ర ఒక్క సంగతిని పదేపదే చెప్పుచున్నది. టెలిప్రింటరు పోయినది, టేపు పోయినది, నెట్‌వర్కు పెట్టెల అవసరము కొంత తగ్గినది, నిలిచినది ఒప్పందము. బెర్లినులో ఆ ఒప్పందము అందరి ఆకలిని తీర్చుటకు కుదిరినది, కనుక అందరును దానిని తమదిగా ఎంచినారు. అంగడిలో అది ఒకరి లాభము కొరకు మరొకరిపై మోపబడినప్పుడు, పైకి యంత్రము మాట్లాడినను లోపల మనిషి మరల ఎత్తివ్రాయుచునే ఉన్నాడు. కొత్త పద్ధతి ఏది వచ్చినను మనము మొదట అడుగవలసిన ప్రశ్న యంత్రము వేగమును గూర్చి కాదు. ఈ రూపమును ఎవరు నిర్ణయించినారు, నేర్చుకొను ఖర్చు ఎవరు భరించుచున్నారు, తప్పు జరిగినప్పుడు చిన్నవాని మాట వినువారు ఎవరు అనునవే ఆ ప్రశ్నలు. వీటికి న్యాయమైన సమాధానము దొరికిన నాడు సరకును, దాని సమాచారమును రెండును సుఖముగా గమ్యము చేరును.